పదో నడక మనిషిది

మనిషి శరీరాన్నీ జంతువుల తెలివినీ ఆధారం చేసుకుని కొత్త కళ ఒకటి చెయ్యాలని ఎవరైనా నోరు తెరిస్తే, మన సాంస్కృతిక రంగంలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. అది పడమటి దేశాల మోజు, మనకు సంప్రదాయం ఉంది, దాన్ని కాపాడుకుంటే చాలు అనేది ఒకటి. జంతువుకు తెలివేమిటి, ఉన్నదల్లా అలవాటూ అదుపూ, కళ మనిషి ఒక్కడి సొత్తు అనేది రెండోది. సభల్లోనూ పత్రికల్లోనూ పండగ కమిటీల్లోనూ ఈ రెండు మాటలూ ఎంతగా నలిగాయంటే, వాటికి రుజువు అడిగేవాళ్లే లేకుండా పోయారు. చెప్పేవాళ్లు వేరువేరు మనుషులే. ఒకరు శాస్త్రీయ నృత్య గురువు, ఇంకొకరు నగరంలో చదువుకొచ్చిన చిత్రకారుడు, మరొకరు ఫైళ్లు చూసే అధికారి. ముగ్గురూ కలిసి చేసే పని మాత్రం ఒక్కటే. గంగిరెద్దునీ తోలుబొమ్మనీ పులివేషాన్నీ యానాది గిరిజనుల చూపునీ జానపదం అనే అరలో పెట్టి తాళం వేస్తారు.

ఆ తాళం పగలగొట్టాలి. జంతువు ఇచ్చే జవాబును మనిషి తన ఒంటితో వినే విద్య నెల్లూరు తీరంలో తరాలుగా ఉంది. ప్రయోగాత్మక కళకు కావలసిన అసలు సరుకు ఆ విద్యే. సంరక్షణ పేరుతో దాన్ని ఎదగనివ్వకుండా ఆపుతున్నది మనమే. నెల్లూరు తీరం అని నేనంటున్నది పాత జిల్లా లెక్కన, కావలి నుంచి తడ దాకా. 2022 విభజనలో సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పులికాట్ సరస్సు చుట్టూ ఉన్న మనుషుల పనీ పాటా, మాటతీరూ మాత్రం ఈ తీరానివే.

పడమటి మోజు అనేవాళ్లు చూపించే ఉదాహరణలు కొత్తవేమీ కాదు. 1969లో యానిస్ కునెల్లిస్ రోమ్‌లోని ఒక గ్యాలరీలో బతికున్న 12 గుర్రాలను కట్టేసి అదే కళాఖండం అన్నాడు. 1974లో యోసెఫ్ బాయిస్ న్యూయార్క్‌లో ఒక గదిలో కయోటీ అనే అడవి జంతువుతో రోజుల తరబడి గడిపాడు. అంతకు ముందే, 1957లో, కాంగో అనే చింపాంజీ వేసిన బొమ్మలకు డెస్మండ్ మోరిస్ లండన్‌లో ప్రదర్శన పెట్టాడు. ఇవన్నీ మనకెందుకు అనడంలో కొంత న్యాయం ఉంది. గుర్రాలను గ్యాలరీలో కట్టేస్తే వాటికి ఎలా ఉందో అడిగినవాళ్లు లేరు, కట్టేసినవాడి పేరు మాత్రం కళాచరిత్రకెక్కింది. కానీ ఆ నచ్చని ఉదాహరణలను చూపించి, శరీరంతోనూ జంతువుతోనూ ప్రయోగం చెయ్యడమనేదే అక్కడ పుట్టిందని ఒప్పేసుకుంటే అది మన చేతకానితనం.

నందికేశ్వరుడి అభినయ దర్పణం మన నృత్య విద్యార్థులకు పాఠ్యగ్రంథం. అందులో నడకలు 10. హంసీ, మయూరీ, మృగీ, గజలీల, తురంగిణీ, సింహీ, భుజంగీ, మండూకీ, వీరా, మానవీ. ఈ వరస చూడండి. హంస, నెమలి, లేడి, ఏనుగు, గుర్రం, సింహం, పాము, కప్ప నడిచి వెళ్లాక, వీరుడు కూడా నడిచాక, చిట్టచివర మామూలు మనిషి వస్తాడు. మిగిలిన తొమ్మిదింటినీ కొలిచే గజంబద్దగా మనిషి నడకను పెట్టలేదు, వాటి పక్కన ఒకటిగా పెట్టారు. నాట్యశాస్త్రం చెప్పిన 108 కరణాల్లో హరిణప్లుతం ఉంది, గరుడప్లుతకం ఉంది, నాగాపసర్పితం, సింహవిక్రీడితం, మయూరలలితం ఉన్నాయి. మనిషి వెన్నెముకనూ తుంటినీ మడమనూ మరో జీవి కదలికకు తగ్గట్టు వంచి చూసిన ప్రయత్నాలవి. ఎవరో ఒకరు లేడి ఎగరడాన్ని కూర్చుని చూసి ఉండాలి. చూసింది తన ఒంట్లో పలుకుతుందా లేదా అని నేల మీద పడుతూ లేస్తూ తేల్చుకుని ఉండాలి. ప్రయోగం అనే మాటకు అంతకన్నా వేరే అర్థం లేదు.

అంతమాత్రాన, అన్నీ మన శాస్త్రాల్లోనే ఉన్నాయని చంకలు గుద్దుకునేవాళ్ల పక్కన నేను నిలబడను. వాళ్ల వాదన మొదటివాళ్ల వాదన కంటే ప్రమాదకరం. గ్రంథంలో పేరు ఉండటం వేరు, ఒంట్లో విద్య ఉండటం వేరు. మండూకీ గతి నేర్పే ఎన్ని తరగతుల్లో పిల్లలను ఒక్క వానాకాలపు సాయంత్రమైనా చెరువుగట్టు మీదికి తీసుకెళ్లి కప్పను చూపిస్తున్నారు? ఒకప్పుడు చూసి కనిపెట్టినదాన్ని ఇప్పుడు చూడకుండా అప్పజెప్పిస్తున్నాం. సంప్రదాయానికి విధేయంగా ఉండాలనుకునేవాడు మొదట ఆ చూపుకు విధేయుడై ఉండాలి. ఆ పని చేసినవాళ్లు తెలుగునాట లేకపోలేదు. సి.ఆర్. ఆచార్యులు ఆలయ సంప్రదాయంలోంచి సింహనందిని నృత్యాన్ని వేదిక మీదికి తెచ్చాడు. 128 అక్షరాల తాళానికి ఆడుతూ, నేల మీద పరిచిన పొడిలో, నర్తకి తన పాదాలతో సింహం బొమ్మ గీస్తుంది. ముఖం ప్రేక్షకుల వైపు, బొమ్మ కాళ్ల కింద. మయూర కౌత్వంలో నెమలి అలాగే పుడుతుంది. చిత్రలేఖనంలో, 1940లో నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ బరోడాలో చదివి వచ్చి వేసిన ఎచింగుల్లో, కలం బొమ్మల్లో మనిషీ మేకా చెట్టూ ఒకదాన్లోంచి ఒకటి మొలుచుకొస్తాయి. ఆ మేకలను ఆయన ఏ విదేశీ పత్రికలోంచీ తెచ్చుకోలేదు, ఊళ్లో చూసినవే.

ఇక రెండో మాట. జంతువుకు తెలివి లేదు, అంతా శిక్షణే అనే తీర్పు గంగిరెద్దు మీద పడినంత గట్టిగా దేని మీదా పడలేదు. ఆలోచించకుండా ఒప్పుకునేవాణ్ణి గంగిరెద్దులా తలూపుతాడని తిడతాం. సంక్రాంతి నెలలో సన్నాయీ డోలూ వినపడితే వాకిట్లోకి వచ్చి, చేటలో బియ్యమో ఒక పాత బట్టో ఇచ్చి పంపించేస్తాం. ఎద్దు ఏం చేస్తోందో ఓపిగ్గా చూసేవాళ్లు అరుదు. ఆడించేవాడు ఏదో అడుగుతాడు, ఎద్దు తల నిలువుగా ఊపుతుంది. ఇంకోటి అడుగుతాడు, అడ్డంగా ఊపుతుంది. మోకాళ్ల మీద వంగి దణ్ణం పెడుతుంది. తర్వాత అతను నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. అంత మూపురం, అంత గంగడోలు ఉన్న జీవి ముందుకాలి గిట్ట ఎత్తి అతని రొమ్ము మీద ఆనిస్తుంది, బరువు మాత్రం వెయ్యదు. ఎంతవరకు ఆనించాలో, ఎక్కడ ఆపాలో దానికి తెలుసు. మనిషి ఊపిరి ఆ గిట్ట కింద నడుస్తూ ఉంటుంది. రెండు శరీరాల మధ్య ఇంత సున్నితమైన ఒప్పందాన్ని ఆడి చూపించే వేదికలు మన నగరాల్లో నాకు కనపడలేదు.

శిక్షణ ఉంది కాబట్టి తెలివి లేదు అనే తర్కాన్ని మనిషికి ఎప్పుడైనా వర్తింపజేశామా? కూచిపూడి నర్తకి తరంగంలో పళ్లెం అంచుల మీద నిలబడి ఆడటం ఏళ్ల శిక్షణ లేకుండా వచ్చిందా? శిక్షణ ఉన్నందుకు ఆమెను కళాకారిణి అంటాం. ఎద్దును మాత్రం మర అంటాం.

ఈ వాదన చేసేవాళ్లు సాధారణంగా తెలివైన హాన్స్ అనే గుర్రం కథను ఎత్తుకుంటారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన బడిపంతులు తన గుర్రం లెక్కలు చేస్తుందని జనానికి చూపించేవాడు. కూడిక అడిగితే గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1904లో దాన్ని పరీక్షించడానికి సంఘం కూర్చుంది, మోసమేమీ పట్టుకోలేకపోయింది. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ పట్టుదలగా పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. అడిగేవాడు కనపడకపోతే గుర్రం తప్పుతుంది. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగేవాడి తల తనకే తెలియకుండా వెంట్రుకవాసి కదులుతోంది, గుర్రం ఆ కదలికను చదువుతోంది. చూశారా, గుర్రానికి లెక్కలు రావు, అంతా ఉత్తదే అని లోకం తేల్చేసింది.

నాకు ఆ పరిశోధనలో కనపడేది దీనికి పూర్తిగా ఎదురు. సంఘంలో కూర్చున్న పండితులు పక్కపక్కనే ఉండి కూడా చూడలేకపోయిన మనిషి ఒంటి కదలికను ఒక గుర్రం తడబడకుండా చదివింది. అది లెక్కల పరీక్షలో తప్పింది నిజమే, శరీరాన్ని చదివే పరీక్షలో మాత్రం మనిషినే ఓడించింది. ఇంకో సంగతి ఎవరూ చెప్పుకోరు. ఫుంగ్‌స్ట్ ఆ తర్వాత తానే గుర్రం స్థానంలోకి వెళ్లాడు. ఎదురుగా మనుషులను నిలబెట్టి, మనసులో ఒక అంకె తలచుకోమని, చేత్తో తడుతూ, వాళ్ల ఒంట్లో పుట్టే సూక్ష్మ కదలికను పట్టుకుని ఎక్కడ ఆపాలో కనిపెట్టాడు. అంటే ఒక మనిషి గుర్రం నుంచి చూడటం నేర్చుకున్నాడు. దాన్ని మనస్తత్వశాస్త్రం తన ఖాతాలో రాసుకుంది, కళ మాత్రం అందుకోకుండా వదిలేసింది.

గంగిరెద్దులవాళ్ల విద్య ఇక్కడే ఉంది. భుజం ఒంపు, డోలు దరువులో మార్పు, గొంతులో పెరిగే తగ్గే జీర, ముక్కుతాడు మీద వేళ్ల పట్టు అన్నీ ఎద్దుకు మాటలే. బెర్లిన్ పంతులు తెలియకుండా చేసినదాన్ని ఈ కుటుంబాలు తెలిసి చేస్తున్నాయి. ఒక యువ నర్తకుడో నటుడో ఈ ఆడించేవాడి దగ్గర ఒక ఏడాది కూర్చుని, ఎద్దు ఉన్న చోట తాను నిలబడి, కళ్లతో కాక చర్మంతో ఎదుటివాడి ఒంటిని చదవడం నేర్చుకుంటే అదొక కొత్త నటన అవుతుంది. రచన ఉండదు, ముందే కుదుర్చుకున్న అడుగులుండవు. ప్రేక్షకుల్లో ఒకరు మనసులో అనుకున్నదాన్ని వాళ్ల శరీరం ఎప్పుడు బయటపెడుతుందా అని కాచుకునే ఆట. పాఠం ఎద్దుది, గురువు గంగిరెద్దులవాడు. ముక్కుతాడు అవసరమే లేదు.

సంరక్షణవాదులకు తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంట గట్టి కోటలా కనిపిస్తుంది, కాబట్టి అక్కడికే వెళదాం. ఆంధ్ర తోలుబొమ్మకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం పదేళ్లు ముందే రావలసింది. నెల్లూరు వైపు కూడా తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. కానీ ఈ గుర్తింపులన్నీ దేన్ని కాపాడాయి? తోలును కాపాడాయి, రంగును కాపాడాయి, ఉలితో కొట్టే చిల్లుల అందాన్ని కాపాడాయి. ఇవాళ ఆ తోలు చాలావరకు దీపాల తొడుగులుగా, గోడకు తగిలించే బొమ్మలుగా అమ్ముడుపోతోంది. కీలు పోయింది. ఆంధ్ర తోలుబొమ్మ మనిషెత్తు ఉండటం గొప్ప కాదు. దాని మెడ, భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు విడివిడిగా కదిలేట్టు వేసిన ముడులు గొప్ప. మేక చర్మాన్ని నానబెట్టి, గీకి, వెలుతురు దూరేంత పల్చన చేసి, మనిషి దేహాన్ని ముక్కలుగా విడగొట్టి మళ్లీ కడతారు. తెర వెనక ఆడించేవాడు చేతులతో బొమ్మను, కాలి కింద చెక్కపలకతో తాళాన్ని, గొంతుతో పద్యాన్ని ఒకేసారి నడుపుతాడు. చచ్చిన జంతువు చర్మమూ బతికున్న మనిషి దేహమూ కలిసి మూడో దేహాన్ని కంటాయి. ఆ కదలికను పోగొట్టి మిగిలినదాన్ని వారసత్వం అని అమ్ముకోవడం సంరక్షణ అనిపించుకోదు.

మరి ఈ కీళ్ల విద్యకు కొత్త పని ఎక్కడుంది? పులికాట్ నీళ్లలోనే ఉంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. శీతాకాలంలో అటకానితిప్ప దగ్గర నిలబడితే ఫ్లెమింగోలు గుంపులుగా కనపడతాయి. వాటి కాలు వెనక్కి వంగే చోటును చూసి మోకాలు తిరగబడి ఉందనుకుంటాం. అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు ఇంకా పైన, ఒంటికి అంటుకుని ఈకల్లో దాగి ఉంటుంది. 2017లో అమెరికాలో యంగ్ హుయ్ చాంగ్, లీనా టింగ్ అనే శాస్త్రవేత్తలు చనిపోయిన ఫ్లెమింగో దేహాలను నిలబెట్టి చూశారు. కండరాల సాయమేమీ లేకుండా ఆ దేహం ఒంటికాలి మీద నిలిచింది, రెండు కాళ్ల మీద నిలవలేదు. తోలుబొమ్మ కట్టేవాడి ముందు ఈ ఒక్క సంగతి పెట్టండి. ప్రాణం లేని చర్మాన్ని నిలబెట్టడమే ఆయన తరతరాల విద్య. ప్రాణం పోయాక కూడా తనంతట తాను నిలిచే దేహం తీరంలోనే ఉంది. ముడి ఎక్కడ వెయ్యాలి, బరువు ఏ కీలు మీద ఆగాలి, మోకాలు కనపడకుండా కాలు ఎలా మడవాలి అనే ప్రశ్నలకు ఆయన చేతులు వెతికే జవాబు ఏ డిజైన్ సంస్థ కంప్యూటర్‌లోనూ దొరకదు.

ఫ్లెమింగో తినే తీరు ఇంకా విచిత్రం. తల తలకిందులు చేసి నీళ్లలో పెట్టి, పాదాలతో బురదను తొక్కుతూ తింటుంది. ఆ తొక్కుడుకూ తలను ఒక్క ఉదుటున పైకి లాగడానికీ నీళ్లలో సుడులు పుట్టి, అడుగున ఉన్న చిన్నచిన్న జీవులు ముక్కు దగ్గరికి వస్తాయని 2025లో ఒక పరిశోధన చూపించింది. అది చేసింది చిలీ జాతి ఫ్లెమింగోల మీద. మన దగ్గరికి వచ్చేది ఎక్కువగా పెద్ద ఫ్లెమింగో. అయినా బురద తొక్కుడు పులికాట్‌లో ఎవరైనా చూడవచ్చు. అడుగు వేసి నేలను తనకు కావలసినట్టు కదిలించే నాట్యం అది. అడుగుల మీద ఇంత శాస్త్రం రాసుకున్న మనం, ఈ పక్షుల పేరున పండగ చేస్తూ, వేదిక మీద ఎక్కడైనా జరిగే నాట్యాలే జరిపిస్తున్నాం. ఆ వేదికను నీళ్ల వైపు తిప్పమని అడగడం నేరమా?

అన్నిటికంటే ఎక్కువగా అవమానం పొందింది యానాదుల చూపు. కోత అయిన మడిగట్టు మీద యానాది నడుస్తూ, ఏ బొరియలో ఎలుక ఉందో, ఏది వదిలేసి పోయిందో, పారిపోయే దారి ఎటు వైపు తీసి పెట్టుకుందో చెప్పేస్తాడు. తాజా మట్టి, కొరికిన గడ్డి, కన్నం నోటి దగ్గర నేల నునుపు అతనికి ఆనవాళ్లు. పొగకుండతో పొగ ఊదుతాడు, ఒక కన్నం మూసి ఇంకో కన్నం దగ్గర చెయ్యి పెడతాడు. ఎలుక ఏం ఆలోచిస్తుందో అతను ముందుగా ఆలోచించాలి. ఎలుక దాచుకున్న వరి వెన్నులు కూడా తవ్వి తీసుకుంటాడు. ఇది జంతువు మనసులోకి దూరే నిత్యాభ్యాసం. మనం దాన్ని ఎలుకలు పట్టే కూలి అని రాసుకున్నాం. 2019లో బెర్లిన్ పరిశోధకులు ఎలుకలతో దాగుడుమూతలు ఆడించి, దాక్కోవడమూ వెతకడమూ అవి నేర్చుకుంటాయనీ, ఆటలో సంతోషపడతాయనీ ప్రకటిస్తే ప్రపంచమంతా ముచ్చటపడింది. ఎలుకతో దాగుడుమూతలే బతుకుతెరువైన జనం నెల్లూరు పొలాల్లో ఉన్నారని ఎవరికీ గుర్తు రాలేదు. వెన్నెలకంటి రాఘవయ్య ఈ జనం కోసం జీవితం ధారపోసి, 1962లో వాళ్ల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. ఆయన పోరాడింది వాళ్ల హక్కుల కోసం. ఆ పోరాటంలో మిగిలిపోయిన భాగం వాళ్ల జ్ఞానానికి జ్ఞానం అని పేరు పెట్టడం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని నేను గౌరవిస్తాను. జంతువులను కళకు వాడటమే హింస కదా అంటారు జంతు సంక్షేమం కోరేవాళ్లు. ముక్కుతాడు, కొట్టి లొంగదీయడం, ఎండలో ఊరూరా నడిపించడం నిజాలే. 2011లో కేంద్రం ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు కేసులో జంతువుకు కూడా గౌరవం ఉందని చెప్పింది, 2023లో అదే కోర్టు రాష్ట్రాల సవరణలను నిలబెట్టింది. ఈ చర్చలో నేను ఎద్దు పక్షమే. అందుకే ముక్కుతాడు లేని ఆట అన్నాను. పక్షిని పట్టి తెచ్చే ఏ కళా నాకు అక్కర్లేదు. కానీ జంతువును వేదిక మీంచి దించేస్తే జంతువుకు న్యాయం జరిగిపోయినట్టు భావించేవాళ్లను ఒక్కసారి ఈ తీరం వెంట నడవమంటాను.

రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్య తొందరగా గుడ్లు పెట్టడానికి దాని కంటి కాడ ఒకటి కత్తిరించే పద్ధతి ఉంది. గుడ్లను ఆపి ఉంచే హార్మోను ఆ కాడలో ఉంటుంది. అది పోతే గుడ్లు వస్తాయి. 2009లో వెన్నామీ రకానికి అనుమతి వచ్చాక నెల్లూరు జిల్లా రొయ్యల గుంటలతో నిండిపోయింది. బ్రిటన్‌లో జోనథన్ బర్చ్ బృందం 2021లో 300కు పైగా పరిశోధనలను పరిశీలించి రొయ్యలకూ పీతలకూ బాధ తెలుస్తుందనడానికి ఆధారాలున్నాయని చెప్పింది. 2022లో అక్కడి చట్టం వాటిని స్పృహ ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. మన తీరంలో ఆ ప్రశ్న అడిగిన కథ, నాటకం, బొమ్మ ఎన్ని? మంచు నీళ్లలో చేతులు పెట్టి రొయ్య తల తీసే ఆడవాళ్ల వేళ్ల గురించి ఎన్ని? మనిషి దేహమూ జంతువు దేహమూ ఒకే బల్ల మీద, ఒకే చలిలో నలుగుతున్న చోటు అది. ప్రయోగాత్మక కళ ఇక్కడికి రాకుండా ఇంకెక్కడికి వెళుతుంది?

దేహానికి వెల కట్టడం మనకు బాగా వచ్చు. మన ఒంగోలు, నెల్లూరు జాతి పశువులు పంతొమ్మిదో శతాబ్దం నుంచి బ్రెజిల్‌కు చేరి అక్కడ నెలోర్ అనే పేరుతో ఆ దేశపు మాంసం పరిశ్రమకు వెన్నెముక అయ్యాయి. వియాటినా 19 అనే నెలోర్ ఆవు వెల 2023లో 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్ పుస్తకానికెక్కింది. మన పత్రికలన్నీ గర్వంగా రాశాయి. ఆవు బరువు 1,100 కిలోలని రాశాయి, జన్యువుల సంగతి రాశాయి. అదే జాతి ఎద్దు మనిషి రొమ్ము మీద గిట్ట ఆనించి బరువు వెయ్యకుండా నిలిచే తెలివి ఏ వార్తలోనూ రాలేదు.

ఆకలితో ఉన్న కళాకారులకు ప్రయోగాలు చెప్పడం కడుపు నిండినవాళ్ల పని అనే మాట కూడా వింటున్నాను. ఈ మాట అనేవాళ్లే ఆ కుటుంబాలకు ఏటా ఒక శాలువా, ఒక జ్ఞాపిక ఇచ్చి పంపుతారు. నిపుణుడిగా పిలిచి, నృత్య దర్శకుడికి ఇచ్చేంత రుసుము ఇచ్చి, రచనలో పేరు వేస్తే ప్రయోగం వాళ్ల ఆకలిని ఎందుకు తీర్చదు? వాళ్లకు తెలిసినదాన్ని పక్కనుంచి రాసుకుని, గ్యాలరీలో తన పేరున పెట్టుకునే పద్ధతిని మొదట ఆపాలి. కునెల్లిస్ గుర్రాలకు జరిగినదే యానాదులకూ జరగకూడదు.

పక్షుల పండగ ఖర్చులో ఒక భాగం తీసి, ఒక యానాది కుటుంబం, ఒక తోలుబొమ్మల కుటుంబం, ఒక గంగిరెద్దుల కుటుంబం, వాళ్లతో కలిసి పనిచేసే ఇద్దరు ముగ్గురు యువ కళాకారులు మూడు శీతాకాలాలు పులికాట్ ఒడ్డున ఉండేందుకు ఇవ్వాలి. సరస్సు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్న సంగతి కూడా వాళ్ల పనిలోకి వస్తుంది, రాక తప్పదు. మూడేళ్ల తర్వాత చూపించడానికి ఏమీ లేకపోతే డబ్బు దండగైందని ఎవరూ అనకూడదు. అదే రోడ్డు ఆ చివర శ్రీహరికోటలో, యానాది కుటుంబాలను ఖాళీ చేయించిన దీవి మీద, 1979 ఆగస్టులో ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ నిమిషాల్లోనే బంగాళాఖాతంలో పడింది. దండగ అనలేదు. లోపం వెతుక్కోవడానికి సమయం ఇచ్చారు, డబ్బు ఇచ్చారు, 1980 జులైలో మళ్లీ ఎగరనిచ్చారు. అంతే గడువు, అంతే నమ్మకం ఆ దీవి నుంచి ఇవతలికి వచ్చినవాళ్లకూ ఇవ్వమని అడుగుతున్నాను.